తాళం వేసిన చెయ్యి

మా లాండ్రీలో నన్ను లాయరు అని పిలుస్తారు. నేను చదివింది ఎనిమిదో తరగతి. కానీ కోర్టులో నిలబడ్డ రోజులు లెక్కేస్తే చాలామంది లాయర్లు నా ముందు జూనియర్లే. పైగా నా నోరు ఊరుకోదు, ఎవరేమన్నా ఒంటికాలి మీద లేస్తాను. బట్టల షాపుల్లో దొంగతనం చెయ్యడం, వాటిని అమ్మి తాగడం, తాగింది దిగాక మళ్ళీ షాపుకి వెళ్ళడం. ఇదీ నా వెనకటి ఉద్యోగం. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. ఎందుకంటే నేను చెప్పాలనుకున్నది నా గురించి కాదు, పెద్దమ్మ గురించి.

పెద్దమ్మ ఎవరికీ పెద్దమ్మ కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆడవాళ్ళ జైల్లో వార్డరుగా పనిచేసిన మనిషి. నేను లోపలున్న రెండుసార్లూ రోజూ సాయంత్రం ఆరింటికి నాకు తాళం వేసిందీ, పొద్దున్నే తీసిందీ ఆవిడే. అప్పట్లో ఎదురుగా మేడం అనేవాళ్ళం, వెనకాల తాళాలమ్మ అనేవాళ్ళం. మనిషి ఆజానుబాహువు. నవ్వితే బాగానే ఉంటుందని నాకు బయటికొచ్చాకే తెలిసింది, లోపల చూసే అవకాశం రాలేదు. తాళం వేశాక రెండుసార్లు లాగి చూడటం ఆవిడ అలవాటు. ఆ రెండు చప్పుళ్ళూ వినిపిస్తే గాని మాకు ఆ రోజు అయిపోయినట్టు ఉండేది కాదు.

ఆవిడ నాన్నది కూడా అదే జైలు, గేటు కాపలా. ఉద్యోగంలో ఉండగానే పోతే ఆ నౌకరీ ఇరవై రెండేళ్ళ కూతురికి ఇచ్చారు. అసలు టీచరవుదామని ఉండేదట ఆవిడకి. అక్కడా హాజరు తీసుకోవడమే, ఇక్కడా హాజరు తీసుకోవడమే అని సరిపెట్టుకుని చేరిపోయింది. ఏళ్ళు గడుస్తుంటే ఒక సంగతి గమనించింది. తను గేటు తీసి పంపిన మనుషులకే మూడు నెలలు తిరక్కుండా మళ్ళీ గేటు తీస్తోంది. ఒకసారి బామ్మ వచ్చింది. బామ్మంటే ఇప్పుడు మా ఇస్త్రీ బల్ల దగ్గర ఉండే ముసలావిడే, దొంగ సారా అమ్మేది, అమ్మినదానికన్నా తాగింది ఎక్కువ. అది ఆవిడ తొమ్మిదో రాక. సిగ్గులేదూ అని మేడం కసిరితే, బామ్మ చాలా మామూలుగా, "సిగ్గుకేం లోటు లేదు మేడం, పడుకోడానికే చోటు లేదు" అందట.

ఆ మాట ఆవిడకి మింగుడుపడలేదు. రెండేళ్ళు అలాగే కొట్టుకుని, యాభయ్యో ఏట ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసింది. జైల్లో బట్టలుతికే విభాగం చూసిన అనుభవం ఉంది కాబట్టి, మూతబడ్డ లాండ్రీ ఒకటి చూసి, పైనున్న గదులతో సహా అద్దెకి తీసుకుంది. శిక్షలో కొంతభాగం బయట గడపమని వదిలిన ఆడవాళ్ళు అక్కడ ఉండి పనిచేసుకోవచ్చని పైవాళ్ళ దగ్గర అనుమతి తెచ్చింది. ఆ అనుమతి కోసం తిరిగి తిరిగి తల ప్రాణం తోకకొచ్చిందని ఇప్పటికీ చెబుతుంది. మొత్తం ఆరుగురం. ఆసుపత్రుల దుప్పట్లు, దిండు గలీబులు ఉతుకుతాం. పెద్దమ్మ భర్తని మేము పెదనాన్న అంటాం. రిటైరైన బస్సు కండక్టరు. మా వ్యాను నడిపేది ఆయనే. వెనక్కి తీసేటప్పుడు తనకి తనే "రైట్, రైట్" అని చెప్పుకుంటాడు.

మొదట్లో పెద్దమ్మతో వేగడం అంత తేలిక కాదు. ఉద్యోగం మానేసింది గానీ ఉద్యోగం ఆవిణ్ణి మానలేదు. రోజుకి మూడుసార్లు తలలు లెక్కపెట్టేది. టీ తాగడానికి వరస కట్టమనేది. ఒకరోజు బామ్మ స్నానాల గదిలో ఎక్కువసేపు ఉంటే బయటినుంచి జైలు నంబరు పెట్టి పిలిచింది. బామ్మ లోపలినుంచి "హాజర్" అని అరిచింది. మేం కడుపుబ్బ నవ్వాం. పెద్దమ్మ మాత్రం ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

అప్పటినుంచి ప్రతి మంగళవారం ఒక డాక్టరమ్మ రావడం మొదలుపెట్టింది. మా మనసుల సంగతి చూడ్డానికి వచ్చేది గానీ, ముందుగా ఆవిడ పాఠం చెప్పింది పెద్దమ్మకే. మాలో దెబ్బలు తినని మనిషి లేదు. మొగుడో, మారుతండ్రో, ఒళ్ళు అమ్ముకునే వ్యాపారం చేయించిన వాడో, ఎవరో ఒకరు తలుపు మూసే ఆ పని చేశారు. అందుకని గదులకి బయటి గొళ్ళేలు ఉండకూడదంది. ఆ సాయంత్రమే పెద్దమ్మ స్క్రూడ్రైవరు పట్టుకుని, స్టూలు ఎక్కుతూ దిగుతూ మేం పడుకునే గదుల గొళ్ళేలన్నీ ఊడదీసింది. లోపలి గడియలు మాత్రం ఉంచింది. వేసుకోవాలో వద్దో మా ఇష్టం.

ఇంకో పద్ధతి కూడా అలా వచ్చిందే. ఎవరైనా తాగినా, మాత్ర వేసుకున్నా, పొద్దున టీ దగ్గర "నిన్న పడ్డాను" అని చెప్పాలి. అంతే. ఎక్కడ, ఎంత, ఎందుకు అని ఎవరూ అడగకూడదు. పక్కనున్న మనిషి జరిగి చోటివ్వాలి, ఎదురుగా ఉన్న మనిషి టీ పొయ్యాలి. ఆ రోజు పనికి తప్పనిసరిగా రావాలి. మొదటి ఏడాది నేను పదకొండుసార్లు పడ్డాను. రెండో ఏడాది రెండుసార్లు. మూడో ఏడాది కప్పు పట్టుకుని కూర్చుని చెప్పడానికేమీ లేక, ఇస్త్రీ సరిగ్గా చెయ్యడం లేదని బామ్మతో గొడవపెట్టుకున్నాను.

మా దగ్గర ఎవరు ఆఖరున వస్తే వాళ్ళని కొత్తపిల్ల అంటాం. ఒకప్పుడు అరవై దాటిన బామ్మ కూడా కొత్తపిల్లే. ఇప్పటి కొత్తపిల్లకి ఇరవై ఆరేళ్ళు. దాని మొగుడు పనికి పోతూ బయటినుంచి తాళం వేసుకుని పోయేవాడు. రెండున్నరేళ్ళు. వచ్చాక కొట్టేవాడు. ఒకసారి చెయ్యి విరిస్తే ఆసుపత్రిలో నొప్పి బిళ్ళలిచ్చారు. మొగుడి దగ్గర్నుంచి తప్పించుకుంది గానీ ఆ బిళ్ళల దగ్గర్నుంచి తప్పించుకోలేకపోయింది. దొంగ చీటీలు రాసుకుని మందుల షాపులన్నీ తిరిగేది. దాని చేతిరాత అచ్చం డాక్టరు రాతే, బ్రహ్మదేవుడికి కూడా అర్థం కాదు. మరి ఎలా దొరికావే అని అడిగితే, ఒకరోజు నిదానంగా కూర్చుని పొందిగ్గా రాసేసిందట. ఇంత చక్కని రాత డాక్టరుదై ఉండదని షాపాయనకి అనుమానమొచ్చింది. ఆ కథ చెప్పినప్పుడల్లా ముందు నవ్వేది అదే. వచ్చి నాలుగు నెలలైంది, రెండుసార్లు పడింది, లేచింది. ఎవరినీ నమ్మని పిల్ల, పెద్దమ్మ వెనకాల మాత్రం కోడిపిల్లలా తిరిగేది.

దానికి ప్రతి గురువారం మూడింటికీ అయిదింటికీ మధ్య సంతకాల ఆఫీసుకి వెళ్ళి రిజిస్టర్లో సంతకం పెట్టాలి. ఒకసారి జ్వరమొచ్చి నిద్రపోయి తప్పింది. ఇంకొక్కసారి తప్పితే మిగిలిన పద్నాలుగు నెలలూ లోపల గడపాలని ఆఫీసరు కాయితం ఇచ్చి మరీ చెప్పాడు. పద్నాలుగు నెలలంటే మాలాంటివాళ్ళం ఎలాగో నెట్టుకొస్తాం. అది నెట్టుకురాలేదు. సాయంత్రం ఆరింటికి ఆ తాళం చప్పుడు వింటే ఏమవుతుందో మాకందరికీ తెలుసు. లోపలున్న రోజుల్లో దాన్ని రెండుసార్లు ఆసుపత్రికి మోసుకుపోయారు.

ఇక ఆ గురువారం సంగతి. మా ఇంట్లో బయటినుంచి తాళం పడే గది ఒక్కటే మిగిలింది, ఉతికిన బట్టల గది. శుభ్రమైన దుప్పట్లు తాళంలో ఉండాలని ఆసుపత్రివాళ్ళ షరతు. పొడుగాటి గది, మూడు వరసల అరలు, కిటికీ లేదు, లైటు స్విచ్చి బయట. చెప్పులు గుమ్మం పక్కన వదిలి వెళ్ళాలి. బిళ్ళల మీదికి మనసు లాగినప్పుడు సద్దు లేని చోట కూర్చుని చేతులకి పని పెట్టమని డాక్టరమ్మ చెప్పింది కదా అని, కొత్తపిల్ల ఆ మధ్యాహ్నం మూడో వరస వెనకాల కింద కూర్చుని దిండు గలీబులు మడతపెడుతోంది.

పెద్దమ్మ ఆ పక్కగా వచ్చింది. చెవిలో ఫోను, అవతల ఆసుపత్రివాళ్ళు తొందరపెడుతున్నారు. తలుపు తీసి ఉంది, లైటు వెలుగుతోంది, మనుషులెవరూ కనబడలేదు, గుమ్మం పక్కనున్న చెప్పులు ఆవిడ చూసుకోలేదు. ఎవరో మర్చిపోయి పోయారని లైటు తీసేసింది, తలుపు లాగింది, తాళం వేసింది, రెండుసార్లు లాగి చూసింది, మాట్లాడుకుంటూ వెళ్ళిపోయింది. ఆ పని తను చేసినట్టు కూడా ఆవిడకి తెలియదు. చెయ్యి దానంతటదే చేసేసింది.

ఆరబెట్టే మిషన్లు తిరుగుతుంటే మా దగ్గర పక్క మనిషి తుమ్మినా వినపడదు. ఇరవై నిమిషాల తరవాత నాకు గలీబులు కావలసి వచ్చి, పెద్దమ్మని తాళం చెవి అడిగాను. ఇద్దరం కలిసే వెళ్ళాం. తలుపు తియ్యగానే చీకట్లోంచి కొత్తపిల్ల బయటికొచ్చింది. ఆ మొహం ఎలా ఉందో నేను చెప్పను, చెప్పడం నాకిష్టం లేదు. మమ్మల్ని తోసుకుని, చెప్పులైనా వేసుకోకుండా వెనక గేటులోంచి వీధిలోకి పరుగెత్తింది. నేను మలుపుదాకా వెళ్ళి చూసేసరికి ఎక్కడా లేదు.

తిరిగొచ్చేసరికి పెద్దమ్మ అక్కడే నిలబడి ఉంది. "నేనే వేశాను" అంది, "నా చెయ్యే" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగం మానేసి ఆరేళ్ళయింది, ఆ చెయ్యికి ఇంకా మానడం రాలేదా అని మొదలుపెట్టి, లోపలున్న రెండు శిక్షలకీ కలిపి దాచుకున్నదంతా కక్కేశాను. బామ్మ ఇస్త్రీపెట్టె పట్టుకుని వచ్చి, తిట్టుకోవడాలు సాయంత్రం పెట్టుకోమని, ముందు పిల్ల సంగతి చూడమని మా ఇద్దరి మీదా నిప్పులు చెరిగింది. అప్పుడు టైము ఒంటిగంటన్నర.

లోపలి మనిషి ఒకరు తక్కువైతే ఏం చెయ్యాలో పెద్దమ్మకి నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. గేట్లు మూయాలి, గంట కొట్టాలి, పోలీసులకి చెప్పాలి. ఈ మూడిట్లో ఏది చేసినా ఆ పిల్ల పని అయిపోయినట్టే. పాపం, ఆవిడకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. డాక్టరమ్మకి ఫోను చేస్తే, పట్టుకోడానికి వెళ్ళకండి, కనబడితే ఎంత దూరంలో ఆగాలో ఆమెనే అడగండి అని చెప్పింది. పెదనాన్న వ్యాను తీసుకుని ఒకవైపు, పెద్దమ్మా నేనూ స్కూటరు మీద ఒకవైపు బయల్దేరాం.

పెద్దమ్మ స్కూటరు నడపడం చూడాలి. ఖాళీ వీధిలో కూడా మలుపు తిరిగేముందు చెయ్యి చాపుతుంది. వెనకాల సైకిలువాళ్ళు మమ్మల్ని దాటిపోతున్నారు. బిళ్ళలకి అలవాటు పడ్డ మనిషి, ఆ మనఃస్థితిలో మందుల షాపుకే వెళ్తుందని నా లెక్క. ఆ లెక్కలో నేను చదువుకున్నదాన్ని.

మొదటి షాపులో పెద్దమ్మ కౌంటరు ముందు నిటారుగా నిలబడి, పొద్దుటినుంచీ ఎంతమంది వచ్చారని అడిగింది. ఆ గొంతు విని షాపాయన బిక్కచచ్చిపోయాడు. తనిఖీ అనుకుని లైసెన్సు బయటికి తీశాడు, గల్లా మీద గుడ్డతో తుడిచాడు, ఆ మూల సీసాలు నిన్ననే తీసేద్దామనుకున్నామని నీళ్ళు నమిలాడు. అంత దిగుల్లోనూ నాకు నవ్వాగలేదు. పెద్దమ్మ నా వైపు గుడ్లురిమి చూసి, ఆ సీసాలు మాత్రం ఇవాళే తీసెయ్యమని ఆయనకి చెప్పి మరీ కదిలింది. రెండో షాపులో ఎవరూ రాలేదన్నారు.

మూడో షాపాయన మాత్రం తలూపాడు. చెప్పుల్లేకుండా ఒకమ్మాయి వచ్చిందన్నాడు. ఏం కొన్నదని అడిగాను.

"ఏమీ కొనలేదమ్మా. రోడ్డే దాటలేదు. అదిగో ఆ కరెంటు స్తంభం దగ్గర అరగంట నిలబడి ఇటే చూసింది. కాళ్ళు కాలుతున్నాయేమోనని మా ఆవిడ పిలిస్తే, వద్దని తలూపి వెళ్ళిపోయింది."

స్కూటరు దగ్గరికి వచ్చాక పెద్దమ్మ ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేనెప్పుడూ చూడలేదు, ఏం చెయ్యాలో తోచలేదు. ఏడుస్తూ బండి నడిపితే మనిద్దరం మనం ఉతికిన దుప్పట్ల మీదే పడుకోవలసొస్తుంది, కళ్ళు తుడుచుకోండి అన్నాను. తుడుచుకుంది. కిక్కు కొట్టింది.

బస్సుల స్టాండు చూశాం. రైల్వే స్టేషన్లో ఆడవాళ్ళ గది చూశాం. దాని పిన్ని ఇల్లు కనుక్కుని వెళ్తే, ఆవిడ తలుపు సందులోంచే ఎవరూ రాలేదని చెప్పి మొహం మీద మూసేసింది. పెదనాన్నకి ఫోను చేస్తే ఆయనకీ కనబడలేదు. నాలుగున్నరైంది. నాకు ఆశ వదులుకోవాలనిపించి, ఆ కోపం ఎవరిమీద చూపించాలో తెలియక స్కూటరు చక్రాన్ని తన్నాను. అప్పుడు పెద్దమ్మ, అయిదు కొట్టకముందే ఆఫీసరు దగ్గరికి వెళ్ళి తప్పు తనదని ఒప్పుకుంటానంది. ఒక్కరోజు గడువైనా అడుగుతానంది. దానివల్ల ఇల్లు మూతపడొచ్చు కదా అన్నాను. పడితే పడనీ అంది.

సంతకాల ఆఫీసు మేడమీద ఉంటుంది. ఆ వసారా మీద మాకందరికీ పీకల్దాకా కోపం. ఆఫీసరు గది తలుపులకి చెదపట్టిందని ఊడదీసుకుపోయి ఎనిమిది నెలలైంది, కొత్తవి రాలేదు. లోపల మనల్ని అడిగే ప్రశ్నలు బయట వరసలో ఉన్నవాళ్ళందరికీ వినపడతాయి. రొప్పుకుంటూ మెట్లెక్కి చూద్దుం కదా, ఆ గుమ్మానికి ఎదురుగా బెంచీ మీద కొత్తపిల్ల కూర్చుని ఉంది. కాళ్ళు దుమ్ముకొట్టుకుపోయి, ఒళ్ళో చేతులు పెట్టుకుని, డాక్టరు దగ్గర వరస నంబరు చీటీ తీసుకున్న మనిషిలా నిదానంగా ఉంది. రెండున్నరకే వచ్చిందట. వరసలో మొదటి మనిషి. మూడు కొట్టగానే సంతకం పెట్టేసింది.

"ఎక్కడికి పోయారు మీరంతా? ఇందాకట్నుంచీ చూస్తున్నాను" అంది నాతో.

ఊరంతా గాలించి వచ్చిన మాకు అదీ మర్యాద. ఇక్కడికెందుకు వచ్చావే అంటే, ఊళ్ళో తలుపు లేని గది తనకి తెలిసింది ఇదొక్కటేనంది.

నేను దాని పక్కన కూలబడ్డాను. పెద్దమ్మ మెట్ల దగ్గరే ఆగిపోయింది. వసారా అంతా నలుపూ తెలుపూ పలకలు. ఆవిడ మొదటి పలక మీద నిలబడి, చాలా చిన్న గొంతుతో అడిగింది.

"ఎంత దూరంలో ఉండమంటావమ్మా?"

కొత్తపిల్ల ఆవిడ వైపు చూడకుండా, "అక్కడే" అంది. పెద్దమ్మ అక్కడే నిలబడింది. వచ్చేపోయేవాళ్ళు ఆవిణ్ణి తప్పుకుని వెళ్తున్నారు. కాసేపటికి కొత్తపిల్ల, ఇంకో రెండు పలకలు రావచ్చంది. వచ్చింది. ఇంకో మూడు అంది. అలా బెంచీకి నాలుగు పలకల దూరందాకా వచ్చాక ఇక చాలంది. అప్పటికి అయిదైంది.

ఆఫీసరు బయటికొచ్చి ఈ తమాషా ఏమిటని అడిగాడు. కొత్తపిల్ల ఏమీ లేదని చెప్పబోయింది. పెద్దమ్మ ఒప్పుకోలేదు. తను తాళం వేసిన సంగతి, చీకటి సంగతి, ఇరవై నిమిషాల సంగతి వరసగా చెప్పింది. ఇదంతా రాయాలా అని ఆయన అడిగితే, రాయమంది. రాశాడు. ఇల్లు తనిఖీ చేస్తామన్నాడు, చెయ్యమంది. తరవాత కొత్తపిల్ల వైపు తిరిగి, ఇక ఆ ఇంట్లో ఉంటావా అని అడిగాడు. ఉండకపోతే రేపు పొద్దున పదింటికల్లా ఇంకో చిరునామా చెప్పాలి, చెప్పలేకపోతే లోపలికి వెళ్ళాల్సిందే, నా చేతుల్లో ఏమీ లేదన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, చెబుతున్నప్పుడు రిజిస్టరు వైపే చూశాడు. దానికి ఇంకో చిరునామా లేదని అక్కడున్న నలుగురికీ తెలుసు. ఆలోచించుకుని చెబుతానంది.

కింద పెదనాన్న వ్యాను ఆపుకుని ఉన్నాడు, చేతిలో కొత్తపిల్ల చెప్పులు. ముందు సీట్లో కూర్చోబెట్టి, అద్దాలు పూర్తిగా దించి, "రైట్, రైట్" అని తనకి తనే చెప్పుకుని కదిలాడు. మేం స్కూటరు మీద వెనకాల వెళ్ళాం. దారంతా పెద్దమ్మ మలుపుల దగ్గర చెయ్యి చాపడం కూడా మర్చిపోయింది.

ఇంటికి చేరాక కొత్తపిల్ల గేటు దగ్గరే ఆగిపోయింది. బామ్మ టీ తెచ్చిస్తే నిలబడే తాగింది. తాగి, కప్పు నా చేతికిచ్చి, పెద్దమ్మతో అంది.

"మీరు ఆ బట్టల గదిలో కూర్చోండి. నేను వేస్తాను. నేనున్నట్టే ఇరవై నిమిషాలు ఉండాలి."

పెద్దమ్మ తాళాల గుత్తి తీసి దాని చేతికిచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది, లోపలికి నడిచింది, మూడో వరస వెనక్కి వెళ్ళి కింద కూర్చుంది. ఇరవై ఎనిమిదేళ్ళు జైల్లో ఉద్యోగం చేసిన మనిషి తాళం వేసిన తలుపుకి లోపలి పక్కన ఎన్నడూ కూర్చోలేదు. అది నాకు అప్పుడే తట్టింది. కొత్తపిల్ల లైటు తీసింది. తలుపు లాగింది. తాళం వేసింది. లాగి చూడలేదు.

నేను గోడగడియారం వైపు చూస్తూ నిలబడ్డాను. నిజం చెప్పాలంటే మొదటి నిమిషం నాకు భలే సంతోషమేసింది. దాచుకోవడమెందుకు? రెండు శిక్షలు చేసినదాన్ని. రెండో నిమిషానికి ఆ సంతోషం ఎటుపోయిందో తెలియలేదు. లోపలినుంచి ఒక్క చప్పుడు లేదు. బామ్మ మిషన్లన్నీ ఆపేసింది. మూడో నిమిషానికి కొత్తపిల్ల తాళం చెవి పట్టుకుని తలుపుకి చెవి ఆనించింది. నాలుగు నిండకముందే తాళం తియ్యబోయింది. తాళం కన్నంలో చెవి సరిగ్గా దూరలేదు, నేను సాయం పట్టాను. తలుపు తెరిచి లైటు వేసింది.

"ఇంకా కాలేదుగా, ఇరవై అన్నావు" అంది పెద్దమ్మ లోపలినుంచి. లేవలేదు.

"నావల్ల కాదు పెద్దమ్మా, బయటికి రండి" అంది కొత్తపిల్ల. ఆవిడ ఇంకా లేవకపోతే తనే అరల వెనక్కి వెళ్ళి ఎదురుగా కూర్చుంది. నేను చూస్తుండగానే ఇద్దరి మోకాళ్ళూ ఒకదానికొకటి తగిలాయి. అప్పుడడిగింది.

"నాకు నాలుగు నిమిషాలకే ప్రాణం పోయింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఎలా వేశారు?"

ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు.

"లోపల ఎవరున్నారో చూడకుండా వేశానమ్మా" అంది.

కొత్తపిల్ల లేచి, ఆవిడకి చెయ్యిచ్చి లేపింది. ఆ పొడుగు మనిషి లేవలేక ఆయాసపడితే, ఉండబట్టలేక నవ్వింది. మర్నాడు పొద్దున టీ దగ్గర పెద్దమ్మ మా మధ్య కూర్చుని, కప్పు పట్టుకుని, "నిన్న పడ్డాను" అంది. కొత్తపిల్ల పక్కకి జరిగి చోటిచ్చింది. నేను టీ పోశాను. పది కాకముందే కొత్తపిల్ల ఆఫీసుకి ఫోను చేసి, చిరునామా మారలేదని చెప్పింది.

తనిఖీకి వచ్చినవాళ్ళు గది లోపలికి లైటు స్విచ్చి మార్చమని రాసిపెట్టి వెళ్ళారు. ఆసుపత్రి షరతు మాత్రం అలాగే ఉంది, ఆ గదికి రోజూ తాళం వెయ్యాల్సిందే. పెద్దమ్మే వేస్తుంది. కాకపోతే ఇప్పుడు ముందు లోపలికి వెళ్ళి, మూడు వరసలూ తిరిగి, వంగి కింద కూడా చూసి, గుమ్మంలో నిలబడి గట్టిగా, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతుంది. ఈ అడగడం ముదిరి, బీరువాకీ, వ్యాను వెనక తలుపుకీ, చివరికి ఫ్రిజ్ మూసేముందు కూడా అడగడం మొదలుపెట్టింది. పెదనాన్న తల పట్టుకుంటాడు. మేం మాత్రం ఎవరం ఎంత పనిలో ఉన్నా, ఆ గొంతు వినపడగానే, "ఇక్కడున్నాం పెద్దమ్మా, వేసుకోండి" అని కేకేస్తాం. అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా అరిచేది కొత్తపిల్ల.